కొవ్వొత్తి వెలిగించిన తరువాత

కరెంటు కోతల కాలంలో తెలుగు ఇళ్లలో కొవ్వొత్తికి ఒక స్థిరమైన చోటు ఉండేది. అగ్గిపెట్టె పక్కన, చీకట్లో చేయి చాపితే అందేలా పెట్టేవారు. 2012 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెలకు గంటల తరబడి కోతలు నడిచినప్పుడు పరీక్షలకు చదివే పిల్లలకు అదే దిక్కు. ఇన్వర్టర్లూ సెల్‌ఫోన్ టార్చీలూ వచ్చాక ఆ పని తప్పింది. అయినా కొవ్వొత్తి మన జీవితంలోంచి పోలేదు. చర్చిలో మరియమాత ముందు, నవంబరు 2న సమాధుల పండుగ నాడు అయినవాళ్ల సమాధుల మీద, దర్గాల్లో, పుట్టినరోజు కేకు మీద, దీపావళి రాత్రి టపాసుల పక్కన వెలుగుతూనే ఉంది. గత ఇరవై ఏళ్లలో దానికి మరో పని కూడా వచ్చింది. ఎక్కడైనా ఒక ఘోరం జరిగితే నాలుగు రోజులు తిరక్కుండానే మండల కేంద్రంలో కూడా కొవ్వొత్తుల ర్యాలీ జరుగుతోంది. ర్యాలీలు పెరిగినకొద్దీ వాటిని చిన్నచూపు చూసేవాళ్లూ పెరిగారు. మైనం కరిగిస్తే న్యాయం జరుగుతుందా అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. గత రెండు దశాబ్దాల అనుభవం చూస్తే దానికి సమాధానం దొరుకుతుంది. కొవ్వొత్తి పట్టుకున్నవాళ్లు విచారణను అడిగినప్పుడు న్యాయం ఒక అడుగు ముందుకు వేసింది. ప్రాణాన్ని అడిగినప్పుడు రెండడుగులు వెనక్కి పోయింది.

అసలు నిరసనకు కొవ్వొత్తే ఎందుకు? దాని నిర్మాణంలోనే కొంత సమాధానం ఉంది. మైకేల్ ఫారడే 1860 చివర్లో, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు ఇస్తూ ఒక్క కొవ్వొత్తిని ముందు పెట్టుకుని రసాయనశాస్త్రం చెప్పాడు. మంట వేడికి పైనున్న మైనం కరుగుతుంది, కరిగిన మైనం ఒత్తి గుండా పైకి పాకుతుంది, అక్కడ ఆవిరై మండుతుంది. కింది మైనం గట్టిగా ఉండి మంటను మోస్తుంది. తన ఇంధనాన్ని తానే మోసే దీపం కాబట్టి దాన్ని పట్టుకుని నడవొచ్చు. ప్రమిదతో ఊరేగింపు తీయలేం, నూనె ఒలుకుతుంది. కాగడాతో తీయొచ్చు, తెలుగునేల మీద ఎన్నో ఉద్యమాలు తీశాయి కూడా. కానీ కాగడాలో పోరాటం కనిపించినంతగా శోకం కనిపించదు. ఇక కొవ్వొత్తి ఏ ఒక్క మతానికీ చెందదు. ఈస్టరు ముందు రాత్రి జాగరణ ప్రార్థనలో చీకటి చర్చిలో పెద్ద కొవ్వొత్తి నుంచి ఒకరి తరువాత ఒకరు వెలుగు అందుకుంటారు. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌లోనూ వెలుగుతుంది. హిందూ ఇళ్లలో పూజగదిలోకి పెద్దగా రాకపోయినా ఎవరికీ అది పరాయిది కాదు. చనిపోయిన మనిషి ఏ మతమైనా, దుఃఖించేవాళ్లు ఏ కులమైనా, అందరూ సంకోచం లేకుండా చేతిలోకి తీసుకోగలిగిన వస్తువు ఇదొక్కటే. అందరూ కలిసి నిలబడి ఏడవడానికి మన సమాజంలో మరో తంతు లేదు. అందుకే దీన్ని వెక్కిరించి పోగొట్టుకోకూడదని నా వాదన.

ఇది పాశ్చాత్యుల అలవాటు, మనకు దీపం లేదా అని కొందరు అడుగుతారు. కార్తీక దీపం మనదే, దాని గౌరవం దానిది. అయితే ఒక రూపం ఎక్కడ పుట్టిందో చూసి దాన్ని కొలవడం సరికాదు. నిరసన సభలో మైకు, నల్లబ్యాడ్జి, నిలబడి పాటించే రెండు నిమిషాల మౌనం కూడా బయటనుంచి వచ్చినవే. పైగా నిరసనలో కొవ్వొత్తి సాధించిన గొప్ప విజయాలు సుఖంగా ఉన్న దేశాలవి కావు. 1988 మార్చి 25న కమ్యూనిస్టు పాలనలోని బ్రటిస్లావాలో మతస్వేచ్ఛ కోసం కొవ్వొత్తులతో నిలబడిన జనం మీద పోలీసులు నీటి ఫిరంగులు ప్రయోగించారు. మరుసటి ఏడాది అక్టోబరు 9న తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో, నికొలాయ్ చర్చిలో సోమవారం ప్రార్థన ముగిశాక, దాదాపు 70,000 మంది వీధుల్లో నడిచారు. సాయుధ బలగాలు సిద్ధంగా ఉన్నాయి. ఒక చేత్తో కొవ్వొత్తి పట్టుకుని, రెండో చేయి గాలికి అడ్డుపెట్టినవాడు రాయి తీసుకోలేడు. ఆ చర్చి పాస్టరు క్రిస్టియన్ ఫ్యూరర్ తరువాతి కాలంలో ఈ సంగతి పదేపదే చెప్పేవాడు. జనం ఆ కొవ్వొత్తుల్ని రహస్య పోలీసుల కార్యాలయం మెట్ల మీద పెట్టి వెళ్లారు. ఆ రాత్రి తుపాకీ పేలలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. గోడ పడిపోవడానికి ఆర్థిక, అంతర్జాతీయ కారణాలు ఎన్నో ఉన్నాయి, కాదనను. కానీ ఆ రాత్రి రక్తం పారకపోవడానికి ఆ చేతుల్లో ఉన్నదేమిటో కూడా ఒక కారణం.

దక్షిణ కొరియా అనుభవం మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అక్కడ ఉన్నది ప్రజాస్వామ్యం. అధ్యక్షురాలు పార్క్ గున్‌హే అవినీతి బయటపడ్డాక 2016 అక్టోబరు 29న సియోల్‌లో కొవ్వొత్తుల సభ మొదలైంది. గాలి వీస్తే కొవ్వొత్తులు ఆరిపోతాయని అధికార పక్షం సభ్యుడొకరు తీసిపారేస్తే జనం ఎల్‌ఈడీ కొవ్వొత్తులు తెచ్చారు. గడ్డకట్టే చలిలో వారం వారం, ప్రతి శనివారం వచ్చారు. డిసెంబరు 9న జాతీయ అసెంబ్లీ 234–56 ఓట్లతో అభిశంసన తీర్మానం ఆమోదించింది. 2017 మార్చి 10న రాజ్యాంగ న్యాయస్థానం ఆమెను పదవి నుంచి తొలగించింది. అక్కడి జనం అధ్యక్ష భవనంలోకి చొరబడలేదు. రాజ్యాంగంలో ఉన్న మార్గాన్ని వాడమని చట్టసభను అడిగారు, తీర్పు వచ్చేదాకా ఇళ్లకు వెళ్లి మళ్లీ మళ్లీ వచ్చారు. ఒక రాత్రి జనసంఖ్య కన్నా ఆ నాలుగు నెలల పట్టుదలే వాళ్లను గెలిపించింది. మన ర్యాలీలను ఆ పట్టుదలతో పోల్చి చూసుకోవాలి.

మన దేశంలోనూ అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. 1999లో ఢిల్లీలో జెస్సికా లాల్‌ను అందరూ చూస్తుండగా కాల్చి చంపారు. సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. 2006 ఫిబ్రవరి 21న నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. అదే సంవత్సరం జనవరిలో విడుదలైన 'రంగ్ దే బసంతి' సినిమాలో ఇండియా గేట్ వద్ద కొవ్వొత్తుల ప్రదర్శన ఉంది. కొన్ని వారాలకే నిజమైన జనం అక్కడికి నిజమైన కొవ్వొత్తులతో చేరారు. వాళ్లు నిందితుణ్ణి తమకు అప్పగించమని అడగలేదు, కేసును మళ్లీ వినమని అడిగారు. అప్పీలు విన్న ఢిల్లీ హైకోర్టు ఆ డిసెంబరులోనే ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష విధించింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. రాజకీయ పలుకుబడి ఉన్న కుటుంబంలో పుట్టినవాడు పైకోర్టులో ఓడిపోయాడు. సాక్ష్యం అంతకుముందూ ఉంది, దాన్ని శ్రద్ధగా చదివే చూపు ఆ తరువాతే వచ్చింది.

2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ బస్సు అత్యాచార ఘటన తరువాత దేశమంతా కొవ్వొత్తులు వెలిగాయి, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ వెలిగాయి. ప్లకార్డుల మీద ఎక్కువగా కనిపించింది ఉరి. కానీ ఆ ర్యాలీల వల్ల నిజంగా మిగిలింది వేరు. వారం తిరిగేసరికి జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి దాదాపు 80,000 సూచనలు అందితే వాటిని పరిశీలించి 29 రోజుల్లో, 2013 జనవరి 23న, నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి మరణశిక్షను ఆ కమిటీ సిఫార్సు చేయలేదు. దాని సిఫార్సుల మీద ఆ ఏడాది వచ్చిన చట్ట సవరణ వెంటాడి వేధించడాన్ని, చాటుగా చూసి చిత్రీకరించడాన్ని, యాసిడ్ దాడిని ప్రత్యేక నేరాలుగా చేసింది. లైంగిక నేరం జరిగిందని వచ్చి చెప్పినా నమోదు చేయని పోలీసు అధికారికి శిక్ష పడేలా 166-ఏ సెక్షన్ తెచ్చింది. ప్లకార్డుల మీది ఉరి కేకల కన్నా ఈ ఒక్క సెక్షన్ మన ఊరి స్టేషన్ గడప తొక్కే ఆడపిల్లకు ఎక్కువ పనికొచ్చేది. ప్రభుత్వం అప్పుడు మరణశిక్షను కొంతమేర చేర్చింది కానీ, కమిటీ చెప్పిన చాలా లోతైన సంస్కరణలను పక్కన పెట్టింది. పక్కన పెట్టినవాటి కోసం మళ్లీ కొవ్వొత్తులు వెలగలేదు.

ఆ మరుపుకు మూల్యం 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువతిని అత్యాచారం చేసి చంపినప్పుడు తెలిసింది, ఆమెనే తరువాత అందరూ దిశ అన్నారు. కూతురు కనిపించడం లేదని పరుగెత్తుకొచ్చిన కుటుంబాన్ని ఇది మా పరిధి కాదంటూ స్టేషన్ల మధ్య తిప్పారు. జాప్యానికి ముగ్గురు పోలీసులను సస్పెండ్ కూడా చేశారు. తప్పిపోయిందన్న ఫిర్యాదుకు 166-ఏ నేరుగా వర్తించదన్నది నిజమే, కానీ ఆ సెక్షన్ ఏ నిర్లక్ష్యం మీద గురిపెట్టిందో సరిగ్గా అదే అక్కడ జరిగింది. దిశ కోసం వెలిగిన కొవ్వొత్తులు ఈ ప్రశ్న దగ్గర నిలబడి ఉంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి స్టేషనూ మారేది. బదులుగా వారం రోజులు నిందితులను చంపేయాలన్న ఒకటే కేక వినిపించింది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. కొవ్వొత్తుల ర్యాలీలు అంతటితో ఆగిపోయాయి, పని అయిపోయిందనుకున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లనీ, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలనీ అది చెప్పింది. నివేదిక మీది వ్యవహారం హైకోర్టుకు చేరింది. నవంబరు 27 రాత్రి ఏం జరిగిందో ఒక కోర్టు సాక్ష్యాలన్నీ పరిశీలించి తేల్చే అవకాశం మాత్రం శాశ్వతంగా పోయింది. చనిపోయిన అమ్మాయికి దక్కాల్సిన తీర్పు కూడా ఆమెకు దక్కలేదు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

దిశ ఘటన రేపిన కోపం ఊపులోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరు 13న దిశ బిల్లును ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు అన్నది దాని వాగ్దానం. రాష్ట్రపతి ఆమోదం దానికి రాలేదు. ఫోరెన్సిక్ ల్యాబుల్లో సిబ్బందిని, ప్రాసిక్యూటర్లను, కోర్టు గదులను పెంచకుండా గడువు మాత్రం తగ్గిస్తే చట్టం నిలబడదు. 2024లో కోల్‌కతా ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ హత్య తరువాత పశ్చిమ బెంగాల్ అసెంబ్లీ హడావిడిగా ఆమోదించిన అపరాజిత బిల్లు కూడా అదే దారిలో నడిచింది. వీధిలో కోపం ఎంత తొందరపడితే పాలకులు అంత తొందరగా ఒక కాగితం చూపించి తప్పుకుంటారు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటుంది. జనం ఒత్తిడి కోర్టుల మీద, దర్యాప్తు మీద పడటమే ప్రమాదం కాదా? పడుతుంది, పడింది కూడా. 2007 డిసెంబరులో విజయవాడ శివారు ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. నెలల తరబడి నిరసనలు సాగాయి. చివరికి ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించే నాటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఆ తరువాత కేసు సీబీఐకి వెళ్లింది. అయితే ఈ కథలో ఇంకో సగం ఉంది. అరెస్టయిన కుర్రాడు కాదు, అసలు దోషులు వేరే ఉన్నారని ఏళ్ల తరబడి అడిగినవాళ్లలో మొదటివాళ్లు ఆ అమ్మాయి తల్లిదండ్రులే. తమ బిడ్డను చంపారన్న దుఃఖంలో కూడా ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలని వాళ్లు అనుకోలేదు. జనం ఒత్తిడికీ న్యాయానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ తల్లిదండ్రులను చూసి నేర్చుకోవచ్చు. నిందితుణ్ణి వెంటనే చూపించమనే ఒత్తిడి దర్యాప్తును చెడగొడుతుంది. దర్యాప్తు సక్రమంగా చేయమనే ఒత్తిడి దాన్ని నిలబెడుతుంది.

మరో ఆక్షేపణ ఎంపిక గురించి. నగరంలో చదువుకున్న అమ్మాయికి వెలిగే కొవ్వొత్తి పల్లెలో కూలి పనికి వెళ్లే మహిళకు వెలగదని దళిత, మహిళా సంఘాలు ఎప్పటినుంచో అంటున్నాయి. ఇది పూర్తిగా నిజం. శంషాబాద్ ఘటనకు మూడు రోజుల ముందే, నవంబరు 24న, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న సరుకులు అమ్ముకుని బతికే ఒక దళిత మహిళను అత్యాచారం చేసి చంపారు. రాజధాని వీధులు ఆమె కోసం కదలలేదు. దిశ పేరు మార్మోగాకే, ఈమెకూ న్యాయం వద్దా అని దళిత సంఘాలు పట్టుబట్టాకే, సమత పేరుతో ఆ కేసు లోకానికి తెలిసింది. ప్రత్యేక కోర్టు ఏర్పడింది. 2020 జనవరి 30న ఆదిలాబాద్‌లో తీర్పు వచ్చింది, ముగ్గురికి మరణశిక్ష పడింది. మరణశిక్ష మీద అభిప్రాయాలు ఎలా ఉన్నా, సాక్షులు కోర్టులో మాట్లాడారు, నిందితులకు వాదించుకునే అవకాశం దొరికింది, రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే తీర్పు వెలువడింది. దిశ, సమత కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే చట్టం పని చేయలేదన్న వాదన నిలవదు. ఎంపిక మీద విమర్శకు జవాబు కొవ్వొత్తిని మానేయడం కాదు, దాన్ని ఎస్సీ కాలనీ సందులోకి, తండాకు తీసుకెళ్లడం. అయిదో పదో రూపాయల కొవ్వొత్తి అక్కడికి వెళ్లకపోవడానికి ఖరీదు కారణం కాదు కదా.

ఫొటోల కోసమే ర్యాలీలు అన్న మాట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫొటో దిగినంత మాత్రాన దుఃఖం అబద్ధం అయిపోదు. అసలు తప్పు వేరే ఫొటోలో ఉంది. అత్యాచార బాధితురాలి బొమ్మ, పేరు ఫ్లెక్సీ మీద వేసి దాని ముందు కొవ్వొత్తులు వెలిగించడం నేరం. పాత శిక్షాస్మృతిలో 228-ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ దీన్ని నిషేధించాయి, రెండేళ్ల వరకు జైలు ఉంది. బాధితురాలు చనిపోయినా ఆ రక్షణ పోదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా మన కూడళ్లలో ఆ ఫ్లెక్సీలు కనిపిస్తూనే ఉన్నాయి, కింద స్థానిక నాయకుల బొమ్మలతో సహా. ర్యాలీ నిర్వాహకులు దీన్ని మొదట ఆపాలి. కొవ్వొత్తికి పేపరు కప్పు తొడిగితే చేతులు కాలవు, పిల్లల చున్నీలకు నిప్పంటదు, రోడ్డు మీద మైనం పడి బండ్లు జారవు. చిన్న విషయమే అయినా చెప్పుకోవాల్సిన విషయం.

ఇంతకీ ఏం అడగాలి? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అడగదగ్గవి చాలానే చేతికిచ్చింది. ఏ స్టేషన్‌లోనైనా, పరిధితో పని లేకుండా, ఫిర్యాదు నమోదు చేయాలి. అత్యాచార కేసుల దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. ఇవి కోరికలు కావు, చట్టంలో రాసిన బాధ్యతలు. జిల్లా ఫోరెన్సిక్ నివేదిక ఎన్నాళ్లుగా ఆగి ఉంది, ప్రత్యేక కోర్టులో ప్రాసిక్యూటర్ పోస్టు నిండిందా, న్యాయసేవాధికార సంస్థ నుంచి పరిహారం అందిందా అన్న ప్రశ్నలు నినాదంగా అరవడానికి పనికిరావు, నిజమే. ఒక కాగితం మీద రాసి ఎస్పీకి, కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోవడానికి పనికొస్తాయి. సియోల్ జనం శనివారం తరువాత శనివారం వచ్చారు. మనం మూడోరోజు రాత్రి వచ్చి, రెండు నెలలు దాటాక అభియోగపత్రం దాఖలైందా లేదా అని తెలుసుకోవడానికి రాకపోతే, ఆ తేదీ దాటిపోయిందన్న సంగతి పోలీసులకు తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి ర్యాలీలు నడిపే విద్యార్థి సంఘాలకు, కాలనీ సంఘాలకు, చర్చి యువజన బృందాలకు, మహిళా సమాఖ్యలకు ఒక విన్నపం. కొవ్వొత్తులు పంచేటప్పుడే ఎఫ్‌ఐఆర్ నంబరు, రెండు నెలల గడువు ముగిసే తేదీ రాసిన చీటీ కూడా పంచండి. కాల్చేయండి, ఉరి తీయండి అన్న నినాదం ఎవరైనా ఎత్తుకుంటే అక్కడే ఆపండి. ఆ తేదీన పది మందైనా సరే మళ్లీ స్టేషన్ ముందుకు వెళ్లి అభియోగపత్రం వేశారా అని అడగండి.